గంజి కుండ, రంగు కాగు: తిరుత్తణి సీమ నేతలో నిప్పు పని

తిరుత్తణి, పళ్లిపట్టు, తిరువళ్లూరు ప్రాంతాల నేతలో నూలు గుడ్డయ్యేలోగా మూడుసార్లు నిప్పు సెగ చూసేది. ఉడకబెట్టే బాన దగ్గర ఒకసారి, రంగు కాగు దగ్గర ఒకసారి, గంజి రూపంలో ఇంకోసారి. మగ్గం గురించి, చీర అంచుల గురించి, నేత కులాల గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ పొయ్యి పని గురించి రాసినవాళ్లు తక్కువ. పెరట్లోనో వీధిలోనో, సగానికి పైగా ఆడవాళ్ల చేతుల మీదుగా, విడిగా కూలి లెక్క కట్టకుండా సాగిపోయిన పని కావడం అందుకు ఒక కారణం కావచ్చు. ఈ సీమ నేత నాలుగు వందల ఏళ్లలో ఎలా మారిందో తెలియాలంటే మాత్రం, పొయ్యి ఎక్కణ్ణుంచి ఎక్కడికి తరలిందో చూడటమే దగ్గరి దారి.

సీమ అంటే ఇక్కడ జిల్లా గీతలకు లోబడేది కాదు. పడమట కొండల కింద తిరుత్తణి, పళ్లిపట్టు, పొదటూరుపేట, అత్తిమాంజేరిపేట, ఆర్కేపేట, అమ్మయార్‌కుప్పం ఉన్నాయి. ఉత్తరాన సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్‌లో నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు, నారాయణవనం. తూర్పున పొన్నేరి, ఆపైన సముద్రపు ఒడ్డున తెలుగువాళ్లు ప్రళయకావేరి అనే పులికాట్. చిత్తూరు వైపు కొండల్లో పుట్టిన కుశస్థలి, ఆరణి నదులు ఈ ఊళ్ల మధ్య నుంచే సముద్రానికి పోతాయి. నేతవాళ్లలో సెంగుందరు అనే కైకోలలు ఎక్కువ; దేవాంగులు, సాలెలు కూడా ఉన్నారు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడే కుటుంబాలున్నాయి, అటుదిటు అయినవీ ఉన్నాయి.

పాత ఆధారాలు ఒడ్డునే ఎక్కువ దొరుకుతాయి. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1610లో పులికాట్‌లో వర్తకానికి అనుమతి సంపాదించింది. ఆ కాలానికి ఈ తీరం అరవీటి వేంకటపతిరాయల ఏలుబడిలో ఉంది. 1613లో గెల్డ్రియా కోట లేచింది. 1690లో నాగపట్టణానికి తరలిపోయేదాకా కోరమండల్ తీరంలో డచ్చివాళ్ల ముఖ్య స్థావరం ఇదే. వాళ్లకు అసలు కావలసినవి లవంగాలు, జాజికాయ. అవి పండే తూర్పు దీవుల్లో కోరమండల్ గుడ్డ ఇస్తేనే బేరం సులువుగా కుదిరేది. గుడ్డ కోసం దేశంలోపలి ఊళ్లకు బయానా సొమ్ము పంపాలి. ఆ పని తెలుగు వర్తకులు చేసిపెట్టారు. డచ్చి కాగితాల్లో మలయ అనే పేరుతో కనిపించే బలిజ వర్తకుడు అచ్యుతప్ప చెట్టి, అతని తమ్ముడు చిన్నన్న పదిహేడో శతాబ్దం మొదటి భాగంలో పులికాట్ బేరాలన్నిటికీ పెద్ద దిక్కు. సాలెవాడికి డచ్చివాడి ముఖం తెలియదు. తెలిసిందల్లా బయానా తెచ్చిన మనిషి, గడువు, గుడ్డ కొలత.

ఆ గుడ్డల ఎరుపుకు మూలం చిరివేరు. తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క, సన్నటి పొడవాటి వేరు. విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉన్న రోజుల్లో దీన్ని పరిశీలించి, 1795లో మొదలైన తన కోరమండల్ మొక్కల గ్రంథంలో బొమ్మతో సహా వివరించాడు. అంతకుముందే, 1742లో, తెలుగు నేర్చిన ఫ్రెంచి జెసూట్ ఫాదర్ కేర్దూ ఇక్కడి రంగుల పని వరసను ఒక ఉత్తరంలో స్వదేశానికి రాసి పంపాడు. ఫ్రాన్సు రంగరులకు పనికొస్తుందని తెలిసే రాశాడు. ఇవాళ్టి మాటల్లో అది పారిశ్రామిక గూఢచర్యమే, కాకపోతే చాలా శ్రద్ధగా చేసినది. రంగరులు కాగితం మీద పెట్టని విద్య కొంతైనా మిగిలింది ఆ ఉత్తరం పుణ్యమే.

పని వరస స్థూలంగా ఇది. గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో పరిచి చలువ చేస్తారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరేస్తారు. పాలలోని కొవ్వు పోగులకు పట్టుకుని, మీద రాసే పటిక నీళ్లు చెదిరి పారకుండా ఆపుతుంది. పటిక ఆరాక గుడ్డను చిరివేరు పొడి వేసిన కాగులోకి దింపుతారు. మంటను ఒక్కసారిగా పెంచరు. నీళ్లు గోరువెచ్చన దాటి చేయి పెట్టలేనంత వేడికి రావడానికి చాలాసేపు తీసుకుంటారు. అంతసేపూ ఒకరు కర్రతో గుడ్డను తిప్పుతూనే ఉండాలి. ఆగితే మడత పడ్డచోట ఒక ఛాయ, విప్పిన చోట ఇంకో ఛాయ తేలుతుంది. చివర్లో మాత్రమే మరగనిస్తారు.

ఈ నిదానానికి కారణం పోగులోనే ఉంది. చిరివేరులోని రంగుపదార్థం అలిజరిన్. దానంతటది నూలుకు పట్టదు; ముందే పోగులోకి దిగిన పటికలోని అల్యూమినియంతో కలిసినప్పుడే నీళ్లకు కదలని ఎరుపవుతుంది. వేడి తక్కువైతే రంగు పైపైనే ఉండిపోతుంది. మొదట్లోనే ఎక్కువైతే దొరికిన చోట గబగబా అతుక్కుని మచ్చలు కడుతుంది. నీళ్లలో సున్నపు అంశం ఉండటమూ అవసరమే, ఎరుపు నిలవడానికి అదీ తోడు కావాలి. రంగరులు ఫలానా బావి నీళ్లే కావాలని పట్టుపట్టేవాళ్లంటే అది చాదస్తం కాదు.

రంగుకు ముందు ఉడకబెట్టడం ఉంది. దాన్ని చిన్న పనిగా తీసిపారేయడానికి లేదు. దూదిపోగులో ఎండు బరువు మీద వందకు తొంభై నాలుగు పాళ్లు సెల్యులోజు. మిగిలిన కొద్దిపాటిలో పోగు మీద పల్చటి మైనపు పొర ఒకటి. అది ఉన్నంతసేపు పోగు నీళ్లు పీల్చదు, రంగూ పీల్చదు. చాకలి బానలో చౌడు వేసి ఆవిరి పట్టించినా, నూలు చిలపలను బూడిదనీళ్లలో మరిగించినా జరిగేది ఒకటే: ఆ మైనం కరిగి పోతుంది. సెల్యులోజు చెక్కుచెదరదు, ఎందుకంటే దాని పొడవాటి అణుగొలుసులు చాలాచోట్ల ఒద్దికగా, బిగుతుగా పేర్చుకుని ఉంటాయి. నీరు, క్షారం ఆ బిగుతు జాగాల్లోకి సులువుగా దూరలేవు. వదులుగా ఉన్న జాగాల్లోకే దూరతాయి. పోగు ఉబ్బేదీ, రంగు ఎక్కేదీ అక్కడే. బిగుతు జాగాలు, వదులు జాగాలు అనే ఈ తేడా దారాల కథలో చివరిదాకా వస్తుంది.

పులికాట్ వైభవం పద్దెనిమిదో శతాబ్దంలో వాడిపోయింది. మద్రాసు పెరిగింది, ఇంగ్లీషువాళ్లు 1781లోనూ 1795లోనూ కోటను పట్టుకున్నారు, 1825లో ఊరు పూర్తిగా వాళ్లదైంది. నేత మాత్రం ఆగలేదు. చీరాల నుంచి మద్రాసు దాకా తీరం పొడుగునా నేసిన గళ్ల రుమాళ్లు లండన్ మీదుగా పశ్చిమాఫ్రికాకు పోయాయి. నైజీరియాలోని కలబరి జనం ఇప్పటికీ పెళ్లిళ్లలో, చావుల్లో ఆ గళ్ల గుడ్డకు పెద్దపీట వేస్తారు. రుమాలుకైతే గుడ్డకు కాక నూలుకే ముందు రంగు వేస్తారు. కాగు పని అంతా చిలపల మీద జరుగుతుంది.

చిరివేరును చంపింది యుద్ధం కాదు, జర్మన్ రసాయనశాల. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అలిజరిన్‌ను కృత్రిమంగా తయారు చేశారు. ఇరవై ముప్ఫై ఏళ్లలో డబ్బాల్లో వచ్చే ఎరుపు ముందు, తవ్వి ఎండబెట్టి దంచాల్సిన వేరు నిలవలేకపోయింది. 1897లో కృత్రిమ నీలిమందు అంగళ్లకెక్కి నీలి తోటల పనీ పట్టింది. నూలు సంగతి అంతకు ముందే తేలిపోయింది. రాట్నపు నూలు చోటును మొదట లాంకషైర్ నూలు, తర్వాత మద్రాసు, బొంబాయి మిల్లుల నూలు ఆక్రమించాయి. దక్షిణాన మొదటి రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి బయలుదేరింది. ఆ రోజే తిరువళ్లూరుకూ ఒక బండి నడిచింది. తర్వాత అరక్కోణం నుంచి రేణిగుంట వైపు వేసిన దారి తిరుత్తణి మీదుగా పోయింది. ఇక మిల్లు నూలు బేళ్లు కొండ కిందికే వచ్చి దిగేవి. గుండ్రంగా, సమంగా ఉండే ఆ నూలుతో పాటు రంగు డబ్బాలు కూడా వచ్చాయి. వంటచెరకు ఖర్చు తగ్గింది. రంగరి తన విద్యలో సగం మరిచిపోయినా పని నడిచే రోజులొచ్చాయి.

అయితే ఒక పొయ్యి కదలలేదు. అది గంజి పొయ్యి.

పడుగుకు గంజి పెట్టడం తెల్లవారుజాము పని. వీధి పొడుగునా గుంజలు పాతి, వాటి మధ్య పడుగును నడుమెత్తున చాచి కడతారు. పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకోకుండా మధ్యమధ్య వెదురు బద్దలు దూరుస్తారు. ముందురోజు రాత్రి కాచి వడగట్టిన గంజిలో కాస్త నువ్వుల నూనెగానీ కొబ్బరినూనెగానీ కలిపి, పడుగు మీద చల్లి చేత్తో పులుముతారు. ఆపైన ఇద్దరు చెరో పక్కన నిలబడి పొడవాటి కుంచెను ఆ చివర నుంచి ఈ చివరకు లాగుతూ నడుస్తారు, మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకు. కుంచె ఒకే దిక్కుకు వాలాలి. పోగు మీది నూగు పడుకోవాలి, గంజి పొర మాత్రం పోగుకూ పోగుకూ మధ్య అతుక్కోకూడదు. తెగిన పోగును అక్కడికక్కడే ముడివేస్తారు. ఎండ ముదిరేలోపు పని అయిపోవాలి. ఎండ ఎక్కువైతే గంజి పెళుసుబారి, మగ్గం మీద రాలిపోతుంది. మబ్బు పడితే ఆరక, బూజు పడుతుంది. పిల్లలూ గొడ్లూ పడుగు కింద నుంచి దూరిపోకుండా చూడటానికి ఒక ముసలమ్మ కాపలా ఉండాల్సిందే.

గంజిని సరిగ్గా ఎంతసేపు కాచాలన్నది మాటల్లో చెప్పేవాళ్లు కాదు, రెండు వేళ్ల మధ్య సాగదీసి చూపించేవాళ్లు. పిండి గింజలు చల్లని నీళ్లలో మునిగిపోయి అడుక్కు చేరతాయి. 65 నుంచి 80 డిగ్రీల మధ్య అవి ఉబ్బి పగిలి, లోపలి పొడవాటి గొలుసులను నీళ్లలోకి వదులుతాయి. గంజి చిక్కబడేది అప్పుడే. పోగు మీద ఆరుతూ ఆ గొలుసులు మళ్లీ ఒకదానికొకటి పట్టుకుని సన్నటి తొడుగవుతాయి. తక్కువ కాచిన గంజి పిండిపిండిగా రాలుతుంది. మరీ ఎక్కువ కాచి ఎక్కువ కలిపితే గొలుసులు తెగి పట్టు పోతుంది. నూనె ఆ తొడుగును వంగేటట్లు చేస్తుంది. నూలు తడిగా ఉన్నప్పుడు పొడి నూలు కంటే గట్టిది. గుంట మగ్గం చల్లదనం నేతకు కలిసొచ్చేది అందుకే. గుంటలో కూర్చున్నవాడి మోకాళ్ల నొప్పులు ఆ లెక్కలోకి ఎవరూ తీసుకోలేదు.

ఈ మధ్యలో సీమ పాలన చేతులు మారింది. తిరుత్తణి కార్వేటినగరం జమీందారీలో భాగంగా ఉండి, 1911లో ఏర్పడ్డ చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరుతో పాటు ఆంధ్రకు పోయింది. తిరుత్తణి తమిళులదని మ.పొ.శివజ్ఞానం నాయకత్వంలో ఉద్యమం నడిచింది. హెచ్.వి. పాటస్కర్ సిఫారసుల మీద సరిహద్దు చట్టం వచ్చి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలో కలిశాయి. సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రకు వచ్చాయి. ఆ తిరుత్తణి 1997 జనవరి 1న ఏర్పడ్డ తిరువళ్లూరు జిల్లాలోకి చేరింది. నూలుకు, రంగుకు, పెళ్లి సంబంధాలకు నగరి అప్పటికీ ఇప్పటికీ పక్క ఊరే. కానీ నేత సహకార సంఘం రాసే అర్జీ వెళ్లాల్సిన ఆఫీసు, అర్జీ భాష మారిపోయాయి. 1935లో మద్రాసులో మొదలైన చేనేత సహకార సంస్థ కో-ఆప్టెక్స్ నీడ ఇవతలి సంఘాల మీద పడింది. అవతలివాళ్లకు వేరే సంస్థలు.

గంజి పొయ్యిని కదిలించింది మరమగ్గం. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం, అవతల నగరి, పుత్తూరు వీధుల్లో చేతి మగ్గం చప్పుడు మరమగ్గం మోతలో కలిసిపోయింది. కొన్ని రకాలను చేనేతకే వదలాలని 1985లో పార్లమెంటు చట్టం చేసినా ఆ మోత తగ్గలేదు. మరమగ్గానికి మూరల కొద్దీ పడుగు చాలదు, పడుగు చుట్టిన పెద్ద బీము కావాలి. ఆ బీముకు వీధిలో గంజి పెట్టడం కుదరదు. సైజింగ్ మిల్లులో పోగులన్నీ వేడి గంజి తొట్టిలో మునిగి లేచి, ఆవిరితో కాలే సిలిండర్లను చుట్టుకుంటూ నిమిషాల్లో ఆరిపోతాయి. వీధి ఖాళీ అయింది. ఆడవాళ్లకు ఆ చాకిరీ తప్పింది, దాంతో పాటు ఇంటి పనిలో వాళ్లకున్న వాటా కూడా తగ్గింది.

పాలియెస్టర్ వచ్చాక రంగు కాగు కూడా ఊరు దాటింది. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టిన ఈ పోగుకు మామూలు కాగులో రంగు సరిగా పట్టదు. మూత బిగించిన పాత్రలో, ఒత్తిడి కింద, 130 డిగ్రీల దాకా వేడి చేయాలి. ఇక్కడ వేడి పని ఇంకా లోతుకు పోతుంది. కరిగించి సన్నటి రంధ్రాల గుండా లాగిన పోగులో గొలుసులు మొదట గజిబిజిగా ఉంటాయి. పోగును సాగదీస్తే అవి పొడుగువాటంగా సర్దుకుంటాయి. బిగించి పట్టుకుని 180 నుంచి 200 డిగ్రీల వేడి తగిలిస్తే ఆ సర్దుబాటు స్ఫటికాలుగా గట్టిపడి నిలిచిపోతుంది. పట్టుకోకుండా వేడి చేస్తే గొలుసులు తిరిగి ముడుచుకుని పోగు కుంచించుకుపోతుంది. దూదిలో ప్రకృతి చేసి ఇచ్చిన బిగుతు, వదులు జాగాల నిష్పత్తిని ఇక్కడ మనిషి వేడితో తన ఇష్టం వచ్చినట్టు నిర్ణయిస్తాడు.

ఆ నిర్ణయం ప్రాణం మీదికి వచ్చేది వైద్యుల దారంలో. ఒంట్లో కరిగిపోయే కుట్టుదారంగా పంతొమ్మిదో శతాబ్దం నుంచి వాడింది గొర్రె, పశువుల పేగులతో చేసిన క్యాట్‌గట్. దానికి పెద్ద చిక్కు వేడితోనే: తడి ఆవిరి పట్టిస్తే పేగులోని కొల్లాజెన్ వీగిపోయి జిగురవుతుంది, కాబట్టి మిగతా పనిముట్ల లాగా దాన్ని ఆవిరిలో శుద్ధి చేయలేరు. పట్టుదారం ఆ బాధ పడదు. కంచి పట్టు రంగుకు ముందు సబ్బునీళ్లలో ఉడికి, బరువులో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉండే జిగురు వదిలించుకున్నట్టే, కుట్టుపట్టు కూడా ఉడికి జిగురు పోగొట్టుకుంటుంది. కానీ ఒంట్లో త్వరగా కరగదు.

1970లో అమెరికాలో డేవిస్ అండ్ గెక్ కంపెనీ డెక్సాన్ అనే దారాన్ని మార్కెట్లోకి తెచ్చింది. పాలీగ్లైకాలిక్ ఆమ్లంతో చేసిన అది కరిగే కృత్రిమ కుట్టుదారాల్లో మొదటిది. 1974లో ఎథికాన్ కంపెనీ దారం వైక్రిల్ వచ్చింది. డేవిస్ అండ్ గెక్, లెడర్లీ ప్రయోగశాలలు రెండూ అమెరికన్ సయనమిడ్ అనే ఒకే సంస్థ కింద ఉండేవి. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు 1948లో చనిపోయేదాకా పనిచేసింది ఆ లెడర్లీలోనే. మద్రాసు వైద్య కళాశాలలో ఆయన ఖద్దరు గౌను వేసుకుని శస్త్రచికిత్స తరగతికి పోయి, ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ ఆగ్రహానికి గురై, పూర్తి డిగ్రీకి బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నాడు. చేనేత గుడ్డకూ శస్త్రచికిత్సకూ తెలుగువాళ్ల చరిత్రలో అంత నేరుగా ముడిపడ్డ ఘట్టం ఇంకొకటి లేదేమో.

పాలీగ్లైకాలిక్ పోగు సుమారు 225 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాన్ని సాగదీశాక, ఆ వేడికి చాలా కిందుగా, బిగించి ఉంచి కొంతసేపు వెచ్చబెడతారు. వెచ్చబెట్టిన కొద్దీ స్ఫటికాల పాలు పెరుగుతుంది, పోగు నిడివి నిలకడపడుతుంది. ఒంట్లోకి పోయాక దాన్ని కరిగించేది నీరే. నీరు ముందు వదులు జాగాల్లోకి దూరి, అక్కడి గొలుసులను తెంపుతుంది; బిగుతు జాగాలు తర్వాత కరుగుతాయి. అందుకే దారం బరువు తగ్గకముందే బలం తగ్గుతుంది. రెండు మూడు వారాల్లో పట్టు చాలావరకు పోతుంది, పూర్తిగా మాయం కావడానికి 60 నుంచి 90 రోజులు పడుతుంది. వేడి తక్కువ చూసిన పోగులో నీరు త్వరగా దూరుతుంది. మరీ ఎక్కువ వేడి చూస్తే, అందులోనూ తేమ ఉన్నప్పుడు, గొలుసులు తయారీలోనే తెగిపోతాయి. ఎక్కువ కాచిన గంజికి పట్టిన గతే దానికీ పడుతుంది. గాయం మానే గడువుకు సరిపోయేటట్టు ఆ రెంటి మధ్య వేడిని నిలపడమే తయారీదారుల పనితనం.

తిరుత్తణి సీమలో ఇవాళ మిగిలిన నిప్పు పని కొద్ది. చేతి మగ్గాలున్న ఇళ్లలో చిన్న పడుగులకు ఇప్పటికీ ఇంట్లోనే గంజి పెట్టుకుంటారు. నూలుకు రంగు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న అద్దకం యూనిట్లలో పడుతుంది. వాటిలో వ్యాట్ రంగులకు కాస్టిక్ సోడా, హైడ్రోసల్ఫైట్ కలిపిన వేడి తొట్టి ఒక్కటి చాలు. నాఫ్తాల్ రంగులైతే ఆ వేడి కూడా అక్కర్లేకుండా చల్లని నీళ్లలోనే తేలతాయి. మంట తగ్గినా నీళ్ల ఖర్చు తగ్గలేదు. చిలపలు జాడించిన రంగునీళ్లు శుద్ధి కాకుండా కుశస్థలిలోకి పోతున్నాయన్న ఫిర్యాదు రెండు రాష్ట్రాల ఊళ్లలోనూ ఉంది.